గాజు తీగకి దీపం పెట్టిందెవరు?

ఫైబర్ కేబుల్ అనగానే అందరూ గాజు గురించే చెప్తారు. మరి అందులోకి వెలుగు పంపే దీపం సంగతో? 1962లో వచ్చిన తొలి సెమీకండక్టర్ లేజర్‌ని ద్రవ నైట్రోజన్ చలిలో ఉంచాల్సి వచ్చేది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో అదెక్కడ కుదురుతుంది!

1963లో హెర్బర్ట్ క్రోమర్ ఓ ఉపాయం చెప్పాడు: వేరే పదార్థపు రెండు పొరల మధ్య ఇరికిస్తే ఎలక్ట్రాన్లు జారిపోవు, మామూలు గది వేడిలోనే ఆగకుండా వెలుగుతుంది అని. దీనికి ఉపయోగమేమీ ఉండదంటూ ఆయన కంపెనీ వాళ్ళు డబ్బులివ్వలేదు.

1970లో లెనిన్‌గ్రాడ్‌లో అల్ఫెరోవ్ బృందం, బెల్ ల్యాబ్స్‌లో హయాషి, పానిష్ అదే చేసి చూపించారు. కార్నింగ్ వాళ్ళ మంచి గాజు తీగ వచ్చిందీ ఆ ఏడాదే! 2000లో క్రోమర్‌కీ, అల్ఫెరోవ్‌కీ నోబెల్ వచ్చింది.

మా మీటింగుల్లో "ఇది దేనికి పనికొస్తుంది?" అని ఎవరైనా అంటే నాకు క్రోమరే గుర్తొస్తాడు.