పది రూపాయల బల్బు: మన ఇళ్లకి ఎల్‌ఈడీ ఎలా వచ్చిందంటే

పార్వతీపురం నుంచి మాట్లాడుతున్నాను. ఈ ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. ఇప్పుడు మీ నెత్తిమీద వెలుగుతున్న బల్బు చరిత్ర చెప్తాను.

2014కి ముందు మన ఇళ్లలో చాలావరకు 60 వాట్ల గుండు బల్బులే. వెలుగుతున్నప్పుడు ముట్టుకుంటే చెయ్యి కాలేది. అది లాగే కరెంటులో ఎక్కువ భాగం వేడి కిందే పోతుంది మరి. దాదాపు అంతే వెలుగు 7 వాట్ల ఎల్‌ఈడీ ఇస్తుంది. అయినా ఎవరూ కొనేవారు కాదు. ఎందుకు? ధర. 2014 మొదట్లో ప్రభుత్వ సంస్థ ఈఈఎస్‌ఎల్ టోకున కొంటేనే ఒక్కో ఎల్‌ఈడీ 310 రూపాయలు పడింది.

ఈఈఎస్‌ఎల్ చేసింది ఒకటే. దేశమంతటికీ కలిపి లక్షల్లో, కోట్లలో టెండర్లు పిలిచింది. ఆర్డరు పెరిగేకొద్దీ కంపెనీలు రేటు తగ్గించాయి. 2016 నాటికి అదే బల్బు 38 రూపాయలకి దిగింది.

మన రాష్ట్రంలో ఈ పంపిణీ 2014 చివర్లో నాలుగు జిల్లాల్లో మొదలైంది: గుంటూరు, అనంతపురం, పశ్చిమ గోదావరి, శ్రీకాకుళం. రెండు పాత బల్బులు ఇచ్చి, ఒక్కోదానికి పది రూపాయలు కడితే రెండు ఎల్‌ఈడీలు. పాతవి ఎందుకు తీసుకున్నారు? లేకపోతే వాటిని వెనక గదిలో పెట్టేస్తాం కదా! మిగతా ఖర్చు డిస్కంలు విడతలుగా కట్టాయి. సాయంత్రం లోడు తగ్గితే లాభం వాళ్లకే.

ఇక్కడ మన ఊళ్ల సంగతి ఒకటుంది. పాలకొండ, సీతంపేట అప్పట్లో శ్రీకాకుళం జిల్లా. పార్వతీపురం, సాలూరు, కురుపాం విజయనగరం జిల్లా. 2022 ఏప్రిల్ 4న వీటన్నిటినీ కలిపి మన్యం జిల్లా చేశారు. అంటే ఇప్పుడు ఒకే జిల్లా అయిన మనలో, పాలకొండ వైపు వాళ్ల జిల్లా మొదటి జాబితాలో ఉంది, మన జిల్లా లేదు. 2015 జనవరి 5న పథకం దేశమంతటికీ ప్రకటించారు. తర్వాత దానికే ఉజాల అని పేరొచ్చింది.

ఇందులో నాకు అర్థమైంది ఇదీ. కరెంటు పొదుపు చెయ్యండని ఏళ్ల తరబడి చెప్పినా మారని ఇల్లు, ధర తగ్గగానే మారింది.

ఇప్పుడు అదే పరీక్ష ఫ్యాన్‌ది. లెక్క చూడండి. 60 వాట్ల బల్బు రోజుకి 5 గంటలు వెలిగితే నెలకి 9 యూనిట్లు. 75 వాట్ల ఫ్యాన్ 15 గంటలు తిరిగితే దాదాపు 34 యూనిట్లు! 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్ అయితే పదమూడున్నర. 2023 జనవరి నుంచి ఫ్యాన్లకి స్టార్ లేబుల్ తప్పనిసరి చేశారు. కానీ లేబుల్ చదవడం వేరు, కొనగలగడం వేరు. బీఎల్‌డీసీ ఇంకా ఖరీదే. బల్బుకి చేసినట్టు ఫ్యాన్‌కీ చెయ్యాలని మనం గట్టిగా అడగాలి.

మీ ఇంటి ఫ్యాన్ ఎన్ని వాట్లో చూసి చెప్పండి. మళ్లీ కలుద్దాం.