తుపాకిగుఱి మైదానపు మట్టికట్ట

గుఱిచూచి కాల్చుట నభ్యసించు మైదానములందు లక్ష్యఫలకముల వెనుక నిలిచి, ఫలకమును భేదించిన గుండును, గుఱి తప్పిన గుండును ఆవలికి పోనీయక తనలో నిముడ్చుకొను మన్నుగట్టు. ఉత్తర హిందూస్థానమున నిట్టి మైదానమును చాంద్‌మారీ యందురు. గౌహతిలో నొక పేటకు నేటికిని అదియే పేరు.

దీని పుట్టుక విలువిద్యలో నున్నది. ఇంగ్లండున మూడవ ఎడ్వర్డు 1363లో ప్రజలు సెలవుదినములందు విలువిద్య నభ్యసింపవలెనని ఆజ్ఞాపింపగా, ఎనిమిదవ హెన్రీ కాలపు 1541 నాటి శాసనము ఊరూర గుఱిదిబ్బలను నిర్మించి కాపాడవలెనని విధించెను. బాణమునకు పచ్చికగడ్డలు పేర్చిన చిన్నదిబ్బయే చాలెడిది. 19వ శతాబ్ది మధ్యమున రైఫిళ్లు ప్రబలి, గుండు వందల గజములు పోవ నారంభించిన పిమ్మట, ఎత్తైన కట్టయు, దాని వెనుక విశాలమైన నిర్జనభూమియు నావశ్యకములయ్యెను. 1860 జూలై 2న లండను చెంత వింబుల్డను మైదానమున జాతీయ రైఫిలు సంఘపు తొలి పోటీలను విక్టోరియా రాణి, ఊతపై బిగించిన విట్‌వర్తు రైఫిలుతో 400 గజముల దూరమునుండి మొదటి గుండు కాల్చి ప్రారంభించెను. నగరము పెరిగి ఇండ్లు సమీపింపగా, సంఘము 1890లో సర్రే మండలమందలి బిస్లీకి తరలిపోయెను.

గుండు వేగమును హరించునది మట్టి కాఠిన్యము గాదు, రేణువుల రాపిడి. కావున కట్ట ముఖమున రాళ్లు లేకుండ జల్లించిన ఇసుకనో మెత్తని మన్నునో వేయుదురు. వాలు మఱీ తక్కువైనచో గుండు చెరువునీటిపై విసరిన పెంకువలె ఎగిరిపోవును. పొడి యిసుక సుమారు 34 డిగ్రీలకు మించిన వాలున నిలువక జారును గనుక, నిటారుగా నిలుపదలచినచో వెనుక ఊతగోడ కట్టుదురు. ఇంటిలోపలి శాలలందు ఏటవాలు ఉక్కుపలకలును, రబ్బరు రజనును వాడుదురు.

నిర్మాణముకంటె పోషణమే కష్టతరము. గుండ్లు పదేపదే ఒకేచోట తగులుటచే ఫలకము వెనుక గుంటపడి, సీసము పేరుకొనును. అచ్చటి గుప్పెడు మన్నులో పూరేకులవలె విచ్చిన బూడిదవన్నె తునకలు బరువుగా చేతికి తగులును. పిదప వచ్చు గుండు మన్నునుగాక ఆ లోహమునే తాకి చిట్లి, తునియలు వెనుకకు మఱలవచ్చును. కావున కాల్పులు నిలిపి, ఆ మన్నును తడిపి త్రవ్వి, సీసమును జల్లించి తీసి, క్రొత్తమన్నుతో గుంటను పూడ్చవలెను. సీసపుదుమ్ము విషము గనుక పనివారు ముక్కుమూతులకు రక్షణ ధరించి, భోజనమునకు ముందు చేతులు కడుగుకొనవలెను. పులుపెక్కిన నేలలో సీసము కరగి నీటబడును. దాని నరికట్టుటకు సున్నము కలుపుదురు. వానకోతను పచ్చిక యాపును.

కట్ట యెత్తును కొలిచి యొకమారు నిర్ణయింపవచ్చును గాని, దాని యభయము మాత్రము గుంట లోతెఱిగి సకాలమున పార పట్టు మనుజుని శ్రద్ధయందే యున్నది.