సయనైడ్ దిబ్బ పక్కన మా లైన్లు

మా తాత చిత్తూరు జిల్లాలో ఒక మాలపల్లెలో పుట్టినాడు. ఊరోళ్లకి బావులు తవ్వేవాడు. నీళ్లు పడినంక ఆ బావిని ముట్టుకునే హక్కు మాత్రం ఆయనకి లేదు. ఒక కరువు ఏడాది మేస్త్రీ వచ్చి, "కోలారులో నేల కింద పనుంది, అక్కడ కులం అడగరు" అంటే గుడ్డలు మూట కట్టుకుని నడిచిపొయినాడు. కులం అడగలేదు, నిజమే. అడగాల్సిన పనేముంది? లోపలికి దిగేవాళ్లలో ఎక్కువమంది మనోళ్లే.

బంగారు గనుల చరిత్రని 1875లో లైసెన్సు తెచ్చుకున్న లావెల్ దొరతో మొదలుపెడతారు. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చింది. 1902లో శివసముద్రం నుంచి కరెంటొచ్చింది. దేశంలో ముందుగా కరెంటు చూసిన ఊళ్లలో మాదొకటని గొప్పగా చెప్తారు. ఆ కరెంటు యంత్రాల కోసం వచ్చింది, మా కోసం కాదు. పైన ఇంగ్లీషోళ్లు, వాళ్ల కింద ఇటలీవాళ్లు, ఆంగ్లో ఇండియన్లు, కాపలాకి పంజాబీలు. అట్టడుగున ఉత్తర ఆర్కాటు, చిత్తూరు ప్రాంతాల నుంచి వచ్చిన పరయలు, మాలలు, మాదిగలు. మనువుకి గనిలోపల కూడా చోటు దొరికింది. 1930లో కూలీలందరూ వేలిముద్రలు వెయ్యాలన్నప్పుడు మావాళ్లు పనిమానేసి కూర్చున్నారు. "దొంగలకి గదా వేలిముద్రలు" అనేవాడు తాత, ముసలితనంలో కూడా. గనుల ఘనతని రాసినోళ్లు ఈ సమ్మెకి పెద్దగా చోటివ్వలేదు.

ఇప్పుడు దిబ్బల సంగతి. బంగారం ముద్దలుగా దొరకదు. రాయిని పిండి చేసి, సయనైడ్ నీళ్లలో నానబెడితే అందులో బంగారం కరుగుతుంది. దాన్ని తీసుకున్నాక మిగిలిన బురదని బయట పోస్తారు. అలా నూరేళ్లకి పైగా పోసిందే ఈ కొండలు. సుమారు 3 కోట్ల 30 లక్షల టన్నులు. సయనైడ్ చాలావరకు ఎండకి, గాలికి విరిగిపోతుందని చదువుకున్నోళ్లు చెప్తారు. సరే, మిగిలిన రాతిపిండి యాడికి పోతుంది? ఆషాఢం గాలికి లేచి లైన్లలోకి వస్తుంది. మా అవ్వ రాగి సంగటి కెలికేటప్పుడు తలుపులు మూసి, సందుల్లో తడిగుడ్డలు దోపేది. అయినా పంటి కింద కరకరమనేది. పిల్లలం మాత్రం అట్టముక్కల మీద కూర్చుని దిబ్బమీంచి జారుకుంటా ఆడుకున్నాం. మాకు వేరే మైదానం యాడుంది?

మా నాయన 26 ఏళ్లు డ్రిల్లు పట్టినాడు. గని 3 కిలోమీటర్లకి పైగా లోతు. లోపల బండ పేలితే ఇంట్లో సట్లు కదిలేవి. ఎవరింటి మనిషి షిఫ్టులో ఉన్నాడో ఆ ఇంటి ఆడోళ్లు షాఫ్టు దగ్గరికి పరుగెత్తేవాళ్లు. నాయన పేలుడుకి పోలేదు, దగ్గుతో పొయినాడు. డాక్టరు చీటీలో టీబీ అని రాసుంది. రాతిధూళి ఊపిరితిత్తుల్లో గడ్డకట్టే జబ్బుకి సిలికోసిస్ అని పేరుందని మాకు తరవాతెప్పుడో తెలిసింది. టీబీ అంటే నీ బీదతనం, సిలికోసిస్ అంటే పరిహారం. చీటీలో ఒక మాట మారితే ఇంటి కథే మారిపోతుంది.

1956లో మైసూరు ప్రభుత్వం, 1962లో కేంద్రం గనుల్ని చేతికి తీసుకున్నాయి. టన్ను రాయిలో బంగారం తగ్గుతా వచ్చింది. 2001 ఫిబ్రవరి 28తో గని మూతపడింది. పంపులు ఆగినాయి, సొరంగాలు నీళ్లతో నిండినాయి. గని మూసేటప్పుడు నేలని ఎట్లా బాగుచెయ్యాలో ముందే ప్రణాళిక రాసివ్వాలన్న నిబంధన వచ్చింది 2003లో. రెండేళ్లు ఆలస్యం. మా నేల ఆ రెండేళ్ల సందులో పడిపొయింది. తెల్లారకముందే మారికుప్పం నుంచి బెంగుళూరు రైలెక్కే వేలమందిలో మా తమ్ముడి కొడుకొకడు. వాడు సెక్యూరిటీ గార్డు.

2018లో సినిమా వచ్చింది. దిబ్బల మీద హీరో నడిస్తే జనం ఈలలేసినారు. ఆ దుమ్ము తెరమీద బాగానే కనిపించింది, కూలీల కులం కనిపించలేదు.

2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం 1,003 ఎకరాల్లోని 13 దిబ్బల నుంచి మళ్లీ బంగారం తీసేదానికి ఒప్పుకుంది. తియ్యొద్దని నేను అనను. పనికోసం ఎదురుచూసే పిల్లకాయలు లైన్లలో ఉన్నారు. కానీ నూరేళ్లు గట్టిపడిన దిబ్బని తవ్వితే ముందుగా లేచేది బంగారం కాదు, దుమ్ము. తవ్వేరోజు తడిపే నీళ్లు యాడివి? మళ్లీ కడిగిన పిండిని యాడ పోస్తారు? తవ్వేముందు లైన్లలో ఉన్నోళ్ల ఊపిరితిత్తులు పరీక్ష చేసి లెక్క రాసిపెడతారా? పని దొరికితే మేస్త్రీల చేతిలో దినకూలీగానా, పేరు రిజిస్టరులో ఎక్కించా? దిబ్బ ఖాళీ అయినంక ఆ వెయ్యి ఎకరాలు ఎవరి పేరున రాస్తారు? నేలని బాగుచెయ్యడమంటే నాలుగు మొక్కలు నాటి ఫోటో తియ్యడమని అనుకునేవాళ్లు ఈ ప్రశ్నలకి విసుక్కుంటారు. విసుక్కోనీ. మా చెల్లెలు ఇప్పటికీ ఆ లైన్లలోనే ఉంది. ఇంటికి పట్టా లేదు. ఈ ఆషాఢంలో కూడా కిటికీకి తడి చీర కట్టింది.