చోడవరం నుంచి రాజధానికి: ఊరు చూసిరావడం వెనక చరిత్ర

అనకాపల్లి దగ్గరి చోడవరం ప్రాంతానికి డెబ్బై ఏళ్లలో మూడుసార్లు రాజధాని మారింది. 1953 దాకా మద్రాసు, తర్వాత మూడేళ్లు కర్నూలు, 1956 నుంచి హైదరాబాదు, రాష్ట్ర విభజన తర్వాత అమరావతి. చాలాకాలం ఈ ఊళ్లకు వెళ్లడానికి మొదటి కారణం చూడాలన్న కోరిక కాదు. దావా ఉంటేనో, రెవెన్యూ అర్జీ ఉంటేనో, పరీక్షకో, పెద్దాసుపత్రికో జనం రాజధాని బండెక్కేవారు. పనికీ తిరుగు రైలుకీ మధ్య మిగిలిన పూటలోనే ఊరు చూడాలి. ఆ పూటలో ఏది చూడగలరన్నది స్టేషను ఎక్కడుంది, ట్రాము ఎటు పోతుంది, సిటీ బస్సు ఎక్కడ ఆగుతుంది అన్నవాటి మీదే ఆధారపడింది.

రైలు రాకముందు మద్రాసు ప్రయాణం చిన్న మాట కాదు. విశాఖపట్నం నుంచి మద్రాసు దాదాపు 780 కిలోమీటర్లు. డబ్బున్నవారు పల్లకీలో, మిగతావారు ఎడ్లబండి మీదో కాలినడకనో వెళ్లేవారు. దారి పొడవునా సత్రాలే ఆసరా. మద్రాసు వాసి ఏనుగుల వీరాస్వామయ్య 1830–31లో కాశీయాత్ర చేసినప్పుడు మద్రాసు నుంచి కాశీకి, అక్కణ్నుంచి తూర్పుతీరం వెంట వెనక్కి రావడానికి పదిహేను నెలలకు పైగా పట్టింది. వెంట పెద్ద పరివారమే ఉంది. తర్వాత విశాఖపట్నం, భీమునిపట్నం రేవుల్లో తీరం వెంట నడిచే పొగ ఓడలు ఆగడం మొదలయ్యాక సముద్రపు దారి కూడా దొరికింది. అయినా రెండు రోజుల తీరిక కోసం ఎవరూ అంత దూరం పోలేదు. రాజధానిని చూసిరావడం అనే అలవాటుకు అప్పటికి చోటు లేదు.

ఆ చోటు రైలుతో వచ్చింది. 1893లో మొదలుపెట్టి తూర్పుతీరపు రైలుమార్గాన్ని ముక్కలు ముక్కలుగా తెరిచారు. బెజవాడ నుంచి నెల్లూరు మీదుగా మద్రాసుకు నేరుగా పోయే దారి 1899లో పూర్తయింది. రాజమండ్రి దగ్గర గోదావరి మీద హేవలాక్ వంతెన 1900 ఆగస్టులో తెరుచుకోవడంతో ఏటి దగ్గర దిగి పడవెక్కాల్సిన అవసరం తప్పింది. చోడవరానికి రైలు రాలేదు, ఇప్పటికీ లేదు. దగ్గరి స్టేషను ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలోని అనకాపల్లి. రాజధాని ప్రయాణంలో మొదటి అంకం ఎప్పుడూ ఈ రోడ్డే: మొదట ఎడ్లబండి, తర్వాత బస్సు, ఇప్పుడు ఆటో, కారు. మారిన నాలుగు రాజధానుల్లో దేనికి వెళ్లాలన్నా ఈ మొదటి అంకం మాత్రం మారలేదు.

మద్రాసులో రైలు దిగే సెంట్రల్ స్టేషను చుట్టుపక్కలే చూడదగ్గవి చాలా ఉండటం ఆ నగరానికి కలిసొచ్చింది. స్టేషను ఎదుట రాజా సర్ రామస్వామి మొదలియారు సత్రంలో బసకు చోటు దొరికేది. పక్కనే 1900లో కట్టిన మూర్ మార్కెట్. పాత పుస్తకం మొదలుకొని పింగాణీ సామాను దాకా అక్కడ దొరకని వస్తువు అరుదు. దాన్ని ఆనుకొని పీపుల్స్ పార్కులో జంతుప్రదర్శనశాల. ఎగ్మూరులో ప్రభుత్వ మ్యూజియం. బతికిన జంతువులుండే జూకు ‘బతికిన కాలేజీ’ అనీ, చచ్చినవాటిని భద్రపరిచిన మ్యూజియానికి ‘చచ్చిన కాలేజీ’ అనీ జనం పెట్టుకున్న పేర్లు పల్లెల దాకా పాకాయి. ఎగ్మూరు మ్యూజియంలో తెలుగువాళ్లు తప్పక చూడవలసింది మాత్రం జంతువుల కళేబరాలు కాదు, అమరావతి స్తూపం పాలరాతి శిల్పాలు. గుంటూరు జిల్లాలో తవ్వితీసిన ఆ శిల్పసంపదలో పెద్ద భాగం మద్రాసుకూ, మరో పెద్ద భాగం లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికీ చేరింది. తమ నేల శిల్పాన్ని చూడటానికి తెలుగువాళ్లు మద్రాసు దాకా వెళ్లాల్సివచ్చిందన్నది బాధ కలిగించే సంగతే.

ఊళ్లో తిరగడానికి ట్రాము ఉండేది. మద్రాసులో 1895 మే 7న విద్యుత్ ట్రాములు మొదలయ్యాయి. దేశంలో కరెంటుతో నడిచిన తొలి ట్రాములు ఇవే. రేవు వైపు నుంచి మౌంటు రోడ్డు మీదుగా, మైలాపూరు, రాయపేట వంటి పేటల దాకా పట్టాలు వేశారు. భాష రాకపోయినా, దారి తెలియకపోయినా, పట్టాల మీద పోయే బండి తప్పిపోదన్న ధీమా కొత్తవారికి ఉండేది. హైకోర్టులో దావా ఉన్నవారికి మరో సౌకర్యం ఉంది. 1892లో తెరిచిన ఆ ఎర్ర భవనం గోపురమే 1894 నుంచి 1977 దాకా లైట్‌హౌసు కూడా. పక్కనే సముద్రం, జార్జిటౌను అంగళ్లు, కొత్వాల్ చావడి, కన్యకాపరమేశ్వరి దేవస్థానం. వకీలును కలిసే పనీ, ఊరు చూసే పనీ ఒకే వీధిలో తీరిపోయేవి. మెరీనా ఒడ్డున 1909లో చేపల ప్రదర్శనశాల తెరిచాక సాయంత్రం పూట అటు వెళ్లడమూ రివాజయింది.

1953 మద్రాసుకూ తెలుగువాళ్లకూ రెండు విధాల గుర్తుండే సంవత్సరం. ఏప్రిల్‌లో ట్రాము కంపెనీ మూతపడింది. అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి రాజధాని కర్నూలుకు వెళ్లింది. కర్నూలు రాజధానిగా ఉన్న మూడేళ్లలో చాలా ఆఫీసులు డేరాల్లో నడిచాయి. హైకోర్టు గుంటూరులో ఉంది. తుంగభద్ర ఒడ్డు, కొండారెడ్డి బురుజు తప్పిస్తే పరవూరి మనిషి పూట గడపడానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు. ఉత్తర కోస్తా వాళ్లకు ఆ ఊరు దారి కూడా కలిసిరాదు. ఆ మూడేళ్లు రాజధాని పనుల మీద వెళ్లే చోటుగానే ఉండిపోయింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ప్రభుత్వ ఉత్తర్వుతో ఆఫీసులు తరలిపోయాయి గాని చూడదగ్గ నగరం అన్న హోదా మద్రాసును విడిచి వెంటనే పోలేదు. తెలుగు సినిమా అక్కడే ఉండటం ఇందుకు ముఖ్య కారణం. 1960లలో ఆంధ్ర ప్రాంతం నుంచి తిరుపతి వెళ్లే టూరిస్టు బస్సులు మద్రాసు దాకా వెళ్లి, టి.నగర్ బజుల్లా రోడ్డులో ఎన్.టి. రామారావు ఇంటి ముందు ఆగేవి. తిరుమలలో వెంకటేశ్వరుణ్ని చూసి, ఆ వేషాన్ని తెర మీద వేసిన నటుణ్నీ కళ్లారా చూసి వెళ్లేవారు. అప్పటికే రాజధాని హైదరాబాదుకు మారిపోయింది. అయినా కోస్తా జిల్లాల జనం మనసులో పట్నం అంటే ఇంకా మద్రాసే.

హైదరాబాదు ఆ స్థానానికి నెమ్మదిగా చేరింది. బెజవాడ నుంచి సికింద్రాబాదుకు నిజాం రైలుమార్గం 1889లోనే ఉంది. కాని ఉత్తరాంధ్ర మనిషికి ఆ ఊరు నిజంగా దగ్గరైంది 1974 ఫిబ్రవరి 1న గోదావరి ఎక్స్‌ప్రెస్ మొదలయ్యాకే. సాయంత్రం విశాఖలో బయలుదేరి, అనకాపల్లిలో ఎక్కించుకొని, తెల్లవారేసరికి నాంపల్లిలో దించే బండి. రాత్రి నిద్రలో ప్రయాణం గడిచిపోతే పగలంతా ఊరికి మిగులుతుంది. వచ్చేటప్పుడూ అంతే. లాడ్జి ఖర్చు లేకుండా ఒక్క పగలు రాజధానిలో ఉండి రావడం ఈ వేళల వల్లే వీలైంది. ఎమ్మెల్యే సిఫార్సు ఉన్నవారు ఎమ్మెల్యే క్వార్టర్స్‌లో స్నానం కానిచ్చి పని మీద బయలుదేరడం ఆ కాలపు మామూలు వ్యవహారం.

ఆ పగలు ఎలా గడిచేదో నగరం అమరికే చెబుతుంది. నాంపల్లి స్టేషనుకు దగ్గర్లోనే అసెంబ్లీ, పబ్లిక్ గార్డెన్స్, ఈజిప్టు మమ్మీ ఉన్న పురావస్తు మ్యూజియం. కొద్ది దూరంలో సచివాలయం. సచివాలయంలో ఫైలు కదిలే దాకా ఖాళీగా కూర్చోనక్కర్లేదు. 1976లో తెరిచిన బిర్లా మందిర్ అక్కడికి దగ్గరే, హుస్సేన్‌సాగర్ ఎదురుగానే. 1986లో ట్యాంక్‌బండ్ మీద తెలుగు వైతాళికుల విగ్రహాలు వెలిశాయి. 1990 మార్చిలో పడవ మీద తరలిస్తుండగా నీళ్లలో మునిగిన బుద్ధ విగ్రహాన్ని 1992 డిసెంబరులో పైకి తీసి నిలబెట్టారు. ఆ ప్రమాదం పలువురి ప్రాణాలు తీసింది. సాగర్ ఒడ్డున ఫొటో దిగి వచ్చినవారు ఆ సంగతి కూడా తెలుసుకోవాలి.

మూసీకి అవతల మరో పూట పని ఉంటుంది. 1591 నాటి చార్మినార్, మక్కా మసీదు, లాడ్ బజారు గాజులు. సాలార్‌జంగ్ మ్యూజియాన్ని 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో నెహ్రూ ప్రారంభించారు. 1968లో అది మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి మారింది. పన్నెండు గంటలు కొట్టేవేళకు మ్యూజియంలోని గడియారం ముందు జనం గుమిగూడటం నేటికీ చూడవచ్చు. మేలిముసుగు రెబెక్కా విగ్రహం దగ్గర మాత్రం చాలామంది అలా చూసి ఇలా దాటిపోతారు. కాసేపు నిలబడి చూస్తేనే పాలరాయి పలుచని బట్టలా ఎలా మారిందో కంటికి ఆనుతుంది. శుక్రవారం మ్యూజియానికి సెలవు. 1963లో తెరిచిన నెహ్రూ జూపార్కుకు సోమవారం సెలవు. ఈ రెండు సెలవులూ చూసుకోకుండా వచ్చి నిరాశపడే కుటుంబాలు ఎప్పుడూ ఉంటాయి.

తిరగడానికి నిజాం కాలం నాటి బస్సులే పునాది. నిజాం రైల్వే 1932 జూన్‌లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. 1958 జనవరి 11న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ ఆ వ్యవస్థకు కొనసాగింపే. చోడవరంలో ఎక్కిన బస్సూ హైదరాబాదులో ఎక్కిన బస్సూ ఒకే సంస్థవి కావడం వల్ల కొత్త ఊళ్లో కొంత బెరుకు తగ్గేది. డబుల్ డెక్కర్ మేడ మీద ముందు సీటులో కూర్చోవడం పిల్లలకు చార్మినార్ ఎక్కినంత సంబరంగా ఉండేది. 2003 ఆగస్టులో ఎంఎంటీఎస్ రైళ్లు, 2017 నవంబరులో మెట్రో వచ్చాయి. మెట్రో వచ్చేసరికి రాష్ట్రం విడిపోయి మూడేళ్లు దాటింది.

2014 జూన్ తర్వాత మద్రాసు కథే మళ్లీ జరిగింది. సచివాలయం 2016లో వెలగపూడికి వచ్చినా ఊరు చూడటానికి వెళ్లేవారు హైదరాబాదు బండే ఎక్కుతున్నారు. 2020లో విశాఖను కార్యనిర్వాహక రాజధాని చేస్తూ చట్టం చేసినప్పుడు చోడవరానికి రాజధాని ఇంటిపక్కకే వచ్చినట్టయింది. 2021లో ఆ చట్టాన్ని వెనక్కి తీసుకున్నారు. 2022 ఏప్రిల్‌లో చోడవరం కొత్త అనకాపల్లి జిల్లాలో చేరింది.

అమరావతి వెళ్లాలంటే అనకాపల్లిలో రత్నాచల్ వంటి బండి ఎక్కి 300 కిలోమీటర్ల పైచిలుకు దూరంలోని విజయవాడలో దిగాలి. అక్కడ కనకదుర్గ గుడి, 1957 నాటి ప్రకాశం బ్యారేజి, ఉండవల్లి గుహలు ఒక పూటకు సరిపోతాయి. మహాస్తూపం ఉన్న అమరావతి ఊరు వేరు, సచివాలయం ఉన్న వెలగపూడి వేరు. మధ్యలో పొలాలు, పల్లెలు. మద్రాసులో, హైదరాబాదులో లాగ పనీ చూడటమూ ఒకే వీధిలో తీరవు. అయినా బొజ్జన్నకొండను పక్కనే పెట్టుకున్న అనకాపల్లి, చోడవరం వాళ్లకు ఆ స్తూపం చూడటం ఎంతో అవసరం; రెండు చోట్లా బౌద్ధ అవశేషాలు బయటపడ్డాయి. ఎర్రుపాలెం నుంచి అమరావతి మీదుగా నంబూరుకు 57 కిలోమీటర్ల రైలుమార్గాన్ని, కృష్ణ మీద వంతెనతో సహా, కేంద్రం 2024 అక్టోబరులో ఆమోదించింది. అది పూర్తయ్యేదాకా విజయవాడ బస్టాండు నుంచి బస్సో, ఆటోనో పట్టుకోవాలి.