కాఫీ జగ్గు నుంచి కొండ మీది కెమెరా దాకా

సియాటిల్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళకి డిసెంబరు రాగానే ఒక పని పడుతుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి మంచు చూపించాలి. ఊళ్ళో మంచు పడటమే తక్కువ, పడినా నిలవదు. ఐ-90 ఎక్కి తూర్పుకి ఓ 50 మైళ్ళు పోతే స్నోక్వాల్మీ కనుమ వస్తుంది. ఎత్తు సుమారు 3000 అడుగులే కాబట్టి చలికాలంలో కూడా ఒక్కోసారి అక్కడ మంచు బదులు వానే పడుతుంది. నేను వచ్చిన మొదటి ఏడాది, ఓ స్కీ రిసార్టు వాళ్ళు "8 అంగుళాల కొత్త మంచు" అని పెట్టింది నమ్మి నాన్నని తీసుకెళ్ళాను. తీరా చూస్తే సన్నటి వాన, కాళ్ళ కింద బురద. నాన్న కారు దిగకుండానే "ఇదేనా మంచు?" అన్నారు.

అప్పట్నుంచీ కెమెరా చూడందే ఇల్లు కదలను. అసలీ కెమెరాల పుట్టుపూర్వోత్తరాలేంటా అని తవ్వితే, మొదలు కొండ మీద కాదు, కాఫీ దగ్గర తేలింది.

1991. కేంబ్రిడ్జి యూనివర్సిటీ కంప్యూటర్ లాబ్. ట్రోజన్ రూమ్ అనే గది బయట ఒక కాఫీ జగ్గు. వేరే అంతస్తుల్లో కూచునేవాళ్ళు మెట్లు దిగొచ్చేసరికి అది ఖాళీ. విసుగెత్తి క్వెంటిన్ స్టాఫర్డ్-ఫ్రేజర్, పాల్ జార్డెట్‌స్కీ జగ్గు ముందు కెమెరా పెట్టి, దాని బొమ్మ లోపలి నెట్‌వర్కులో అందరికీ కనపడేట్టు చేశారు. 128×128 పిక్సెళ్ళు, నలుపు తెలుపు. 1993లో అది వెబ్ మీదకెక్కింది, 2001 ఆగస్టు 22న ఆగిపోయింది. జగ్గుని ఈబేలో 3,350 పౌండ్లకి జర్మనీ పత్రిక ష్పీగెల్ వాళ్ళు కొనుక్కున్నారు. నేను పడ్డ బాధా ఇదే కదా, వెళ్ళేదాకా ఉందో లేదో తెలీకపోవడం. వాళ్ళది ఓ మెట్ల వరస, నాది 50 మైళ్ళు :)

కొండ మీద కెమెరా పెట్టాలంటే పక్కన ఒక పీసీ కూడా ఉండాలి అనే ఇబ్బంది 1996లో తీరింది. స్వీడన్ కంపెనీ ఆక్సిస్, వెబ్ సర్వర్ లోపలే ఉన్న కెమెరా తెచ్చింది. లిఫ్టు పైస్టేషన్లో కరెంటూ ఒక కేబులూ ఉంటే చాలు. ఆల్ప్స్ కొండల వైపు టీవీలో కూడా ఇది అలవాటే. 3శాట్ ఛానెల్లో పొద్దున్నే ఒక్కో రిసార్టు కెమెరా మెల్లగా తిరుగుతుంటే కింద ఉష్ణోగ్రత, వెనక సంగీతం.

టెక్నాలజీ సంగతి సరే. అసలు కథ ఏంటంటే, మంచు ఎంత పడిందో చెప్పేది టిక్కెట్లు అమ్ముకునేవాళ్ళే. డార్ట్‌మత్ కాలేజీ ఆర్థికవేత్తలు జొనాథన్ జిన్మన్, ఎరిక్ జిట్జెవిట్జ్ 2004 నుంచి రిసార్టులు చెప్పిన లెక్కల్ని ప్రభుత్వ వాతావరణ లెక్కలతో పోల్చి చూశారు. వారాంతాల్లో రిసార్టులు చెప్పే కొత్త మంచు 23 శాతం దాకా ఎక్కువట! ఆకాశానికి శనివారం అని తెలీదు కదా. మన దగ్గర కస్టమర్లు మొత్తుకుంటుంటే స్టేటస్ పేజీలో అన్నీ పచ్చగా వెలుగుతూ ఉంటాయే, అదే బాపతు.

2009లో ఒక ఐఫోన్ యాప్‌లో స్కీయర్లే అక్కడికక్కడ పరిస్థితి రాసే సౌకర్యం వచ్చింది. దాంతో ఈ గొప్పలు బాగా తగ్గాయి, అదీ ఫోన్ సిగ్నల్ బాగా అందే రిసార్టుల్లో మరీనూ. ఆ పేపర్లో నాకు బాగా నచ్చిన ముక్క ఇదే. చూసినవాడు వెంటనే చెప్పగలిగేసరికి అబద్ధానికి చోటు తగ్గింది.

ఇప్పుడు చాలా రిసార్టులు తెల్లటి పలక మీద కొలబద్ద నిలబెట్టి, ఎదురుగా కెమెరా పెడుతున్నాయి. రోజూ ఒకసారి పలక తుడుస్తారు. ఇందులోనూ కిటుకుంది. మంచు పడ్డాక తన బరువుకి తనే అణుగుతుంది. గంటగంటకీ తుడిచి కూడుకుంటూ పోతే మొత్తం పెరుగుతుంది. అందుకే అమెరికా వాతావరణ శాఖ పద్ధతిలో 6 గంటలకి ఒకసారికి మించి తుడవకూడదు.

నాన్నకి ఈ కొలబద్ద చూపిస్తే "మండలాఫీసు దగ్గర వాన కొలిచే డబ్బా లాంటిదన్నమాట. డబ్బాలో పడింది సరే, మన చేలో పడిందా అన్నది కదా లెక్క" అన్నారు. నిజమే. పలక ఎక్కడ పెట్టాలో, కెమెరా ఎటు తిప్పాలో రిసార్టు వాళ్ళిష్టం. కొండ కొసన 10 అంగుళాలుంటే కింద పార్కింగులో నీళ్ళుండొచ్చు. అందుకని నేను ముందు బొమ్మ మీది టైము చూస్తాను (నిన్న గడ్డకట్టిన కెమెరా ఇవాళ కూడా అదే మంచు చూపిస్తుంది), తర్వాత చెట్ల కొమ్మలు, ఆగున్న కార్ల కప్పులు. అన్నిటికన్నా నాకు నమ్మకం వాషింగ్టన్ రాష్ట్ర రవాణా శాఖ రోడ్డు కెమెరాల మీద. వాళ్ళకి అమ్ముకోవడానికి లిఫ్టు టిక్కెట్లు లేవు మరి.

నాన్న ఊరెళ్ళిపోయినా ఆ రోడ్డు కెమెరా లింకు మాత్రం ఆయన ఫోన్లో ఉండిపోయింది. నాకు పొద్దున్న ఏడున్నర, ఆయనకి రాత్రి తొమ్మిది. మొన్న శనివారం నేను లేచేసరికే ఫోన్. "ఒరేయ్, మీ కనుమ దగ్గర లారీలన్నీ వరసగా ఆగిపోయున్నాయి. ఇవాళ అటు పోకు."