లైసెన్సు ఉంది, తుపాకీ ఉంది, పోలీసు ఆపాడు... తర్వాత?

మొన్న శనివారం డల్లాస్ నుంచి మా ఇంజనీరింగ్ క్లాస్‌మేట్ ఫోన్ చేశాడు. పెళ్ళి పుణ్యమా అని వాడికి గ్రీన్ కార్డు వచ్చింది, ఆ వెంటనే ఓ పిస్తోలు, దాన్ని వెంట పెట్టుకు తిరగడానికి లైసెన్సు కూడా వచ్చాయి. (హెచ్1బి మీద ఉన్నవాళ్ళు తొందరపడకండి. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు తప్ప, ఆ వీసా మీద తుపాకీ ఉంచుకోవడం ఫెడరల్ నేరం.)

"ఏరా, రోడ్డు మీద పోలీసు ఆపితే తుపాకీ ఉందని నేనే ముందు చెప్పాలా, అడిగేదాకా ఊరుకోవాలా?" అన్నాడు. నాకు పాత కోర్టు తీర్పులు చదివే పిచ్చి ఉందని వాడికి తెలుసు.

టెక్సాస్ రూలు చిన్నదే. తుపాకీ దగ్గరున్నప్పుడు పోలీసు గుర్తింపు కార్డు అడిగితే, దాంతో పాటు తుపాకీ లైసెన్సు కూడా చూపించాలి. ఆ ఒక్క ముక్క చెప్పి ఫోన్ పెట్టేయొచ్చు. కానీ నాకు ఫిలాండో కాస్టీల్ గుర్తొచ్చాడు. ఆయన కథ అర్థం కావాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

1967 దాకా కాలిఫోర్నియాలో గుళ్ళు నింపిన తుపాకీ పైకి కనపడేలా పట్టుకుని వీధిలో తిరగడం చట్టబద్ధమే. ఓక్లండ్‌లో బ్లాక్ పాంథర్లు ఈ హక్కునే వాడుకున్నారు. పోలీసులు నల్లవాళ్ళ కార్లు ఆపినప్పుడు, తుపాకులు పట్టుకుని కాస్త దూరంలో నిలబడి ఏం జరుగుతోందో గమనించేవాళ్ళు. దాంతో డాన్ మల్ఫర్డ్ అనే శాసనసభ్యుడు ఆ హక్కు తీసేస్తూ బిల్లు పెట్టాడు. 1967 మే 2న పాంథర్లు తుపాకులతోనే శాక్రమెంటో శాసనసభ భవనంలోకి వెళ్ళి నిరసన తెలిపారు. జులైలో గవర్నర్ రొనాల్డ్ రీగన్ సంతకంతో బిల్లు చట్టమైంది. ఇప్పుడు తుపాకీ హక్కు అనగానే గుర్తొచ్చే ఎన్ఆర్ఏ కూడా అప్పుడు ఆ చట్టాన్ని సమర్థించింది! హక్కు కాగితం మీద అందరిదీ. ఎవరి చేతిలో ఉందన్నది వేరే లెక్క.

ఆ తర్వాత చట్టం రెండు దారుల్లో నడిచింది.

మొదటి దారి పోలీసులది. 1968లో టెర్రీ కేసులో అమెరికా సుప్రీం కోర్టు ఓ మాట చెప్పింది. ఆపిన మనిషి దగ్గర ఆయుధం ఉందని, అతనివల్ల ప్రమాదమని తగిన అనుమానం ఉంటే పోలీసు పైపైన తడిమి చూడొచ్చు. 1977లో మిమ్స్ కేసు వచ్చింది. ఫిలడెల్ఫియాలో గడువు తీరిన నంబరు ప్లేటు కోసం ఓ కారు ఆపారు. డ్రైవర్‌ని దిగమంటే జాకెట్ కింద ఉబ్బు కనిపించింది, తడిమితే రివాల్వర్ దొరికింది. ట్రాఫిక్ తప్పుకి ఆపిన ఏ డ్రైవర్‌నైనా దిగమనొచ్చని కోర్టు తేల్చింది.

రెండో దారి తుపాకీ యజమానులది. 1987లో ఫ్లోరిడా, అర్హత ఉన్నవాడు అడిగితే లైసెన్సు ఇచ్చి తీరాలని చట్టం చేసింది. ఆ పద్ధతి ఒక్కో రాష్ట్రానికీ పాకింది. ఇవాళ సగానికి పైగా రాష్ట్రాల్లో అసలు లైసెన్సే అక్కర్లేదు. బయట తుపాకీ వెంట ఉంచుకోవడం రాజ్యాంగ హక్కని 2022లో బ్రూయెన్ కేసులో సుప్రీం కోర్టే చెప్పింది.

మన భాషలో చెప్పాలంటే ఇవి రెండు టీములు విడివిడిగా రాసిన మాడ్యూళ్ళు. ఒకదాంట్లో తుపాకీ అంటే హక్కు, ఇంకోదాంట్లో తుపాకీ అంటే ప్రమాదం. దేనికది టెస్టు పాసైంది. రెండూ కలిసేది మాత్రం కారు అద్దం దగ్గర, నేరుగా ప్రొడక్షన్‌లో.

2016 జులై 6 సాయంత్రం అవి మిన్నెసొటాలో, సెయింట్ పాల్ పక్కనున్న ఫాల్కన్ హైట్స్‌లో కలిశాయి. కాస్టీల్ వయసు 32, ఓ బడి క్యాంటీన్లో సూపర్‌వైజర్. చిన్నా చితకా కారణాలతో పోలీసులు ఆయన్ని అప్పటికే 40కి పైగా సార్లు ఆపారు. ఈసారి బ్రేక్ లైటు అన్నారు. ఇన్సూరెన్స్ కార్డు ఇచ్చి, 'సార్' అని పిలిచి మరీ, తన దగ్గర తుపాకీ ఉందని నెమ్మదిగా చెప్పాడు. మిన్నెసొటా చట్టం ప్రకారం అడిగితే చెప్తే చాలు. ఆయన అడగకముందే చెప్పాడు. దాన్ని తియ్యొద్దన్నాడు ఆఫీసర్. తియ్యట్లేదన్నాడు ఈయన. కొన్ని సెకన్లలో ఏడు తూటాలు. వెనక సీట్లో నాలుగేళ్ళ పాప ఉంది. ఆయన తుపాకీ తీస్తున్నాడనుకున్నానని ఆఫీసర్ వాదన. లైసెన్సు కార్డు కోసమే చెయ్యి పెట్టాడని పక్క సీట్లో ఉన్న ఆయన స్నేహితురాలు చెప్పింది. 2017 జూన్ 16న జ్యూరీ ఆఫీసర్‌ని నిర్దోషిగా వదిలేసింది.

ఆ మధ్యలోనే, 2017 జనవరిలో, నాలుగో సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు సీటు బెల్టు కోసం ఆపిన ఓ కేసులో (రాబిన్సన్ కేసు) తీర్పిచ్చింది. న్యాయంగా ఆపిన మనిషి దగ్గర తుపాకీ ఉందని అనుమానం ఉంటే చాలు, అది చట్టబద్ధమా కాదా అన్నది అనవసరం, అతను ప్రమాదకరమనే లెక్క! లైసెన్సు జేబులో ఉన్నా ఆ క్షణంలో అది లేనట్టే అన్నమాట.

ఇదంతా వాడికి చెప్పి, నాకు తోచిన జాగ్రత్తలు కూడా చెప్పాను. మన దగ్గర బండి ఆపితే మనమే దిగి కాగితాలు పట్టుకుని పోలీసు దగ్గరికి వెళ్తాం, అక్కడ ఆ పని చెయ్యకు. రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉంచు. కార్డులు తుపాకీ ఉన్న వైపు జేబులో పెట్టకు. 'తుపాకీ' అన్న మాటతో మొదలెట్టకు. లైసెన్సు ఉందని చెప్పి, ఇప్పుడు నన్నేం చెయ్యమంటారని అడుగు. అతను చెప్పేదాకా వేలు కూడా కదపకు.

"ఇవన్నీ చేస్తే ఏమీ కాదుగా?" అన్నాడు.

కాస్టీల్ కూడా మర్యాదగానే మాట్లాడాడు, నిజమే చెప్పాడు. అందుకని అవునని చెప్పలేకపోయాను. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. ఆ తర్వాత వాడు, "కారులో మా పాప కూడా ఉంటుంది రా" అన్నాడు.

లైసెన్సు ఇచ్చేటప్పుడు ప్రభుత్వం ఓ మాట ఇచ్చినట్టే. రోడ్డు మీద ఆ మాట నిలబెట్టాల్సింది కూడా ఆ ప్రభుత్వం పంపిన మనిషే. అతనికి భయమేస్తే ఆ మాట చెల్లదంటే, దాన్ని హక్కు అని ఎలా అంటాం?