కుందేళ్ళలో నడుము దెబ్బ, వెనుక కాళ్ళ చచ్చుబాటు – ఆక్యుపంక్చర్ ఎంతవరకు పనికొస్తుంది?

పిల్లల కోసం ఇంట్లో రెండు కుందేళ్ళు పెంచేవారైనా, షెడ్డు వేసి పెంపకం చేసే రైతులైనా ఏదో ఒక రోజు ఈ సమస్యను చూడాల్సి వస్తుంది. రాత్రి బాగానే ఉన్న కుందేలు తెల్లవారేసరికి వెనుక కాళ్ళు ఈడ్చుకుంటూ ముందు కాళ్ళ మీద పాకుతుంటుంది. సూదులు వేయిస్తే లేచి తిరుగుతుందని ఎవరైనా చెబితే వెంటనే పరుగెత్తకండి. ముందు కారణం తెలియాలి. కొన్ని కేసుల్లో ఆక్యుపంక్చర్ నొప్పి తగ్గించడానికి తోడ్పడుతుంది, కొన్నిటిలో హాని చేస్తుంది.

నడుము ఎందుకు దెబ్బతింటుంది?

కుందేలు ఎముకలు చాలా తేలిక. మొత్తం అస్థిపంజరం బరువు శరీర బరువులో సుమారు 8 శాతమే. వెనుక కాళ్ళ కండరాలు మాత్రం చాలా బలమైనవి. బెదిరినప్పుడు, పట్టుకున్న చేతిలో నడుము కింద ఆసరా లేనప్పుడు కుందేలు గట్టిగా తన్నుకుంటుంది. ఆ ఊపుకే నడుము కింది భాగంలోని వెన్నుపూస విరగవచ్చు లేదా పక్కకు జరగవచ్చు. కుక్క, పిల్లి, ముంగిస రాత్రిపూట షెడ్డు చుట్టూ తిరిగినా ఇదే జరుగుతుంది. బయటికి గాయం కనిపించకపోవచ్చు.

కాళ్ళు పడిపోవడానికి ఇతర కారణాలు:

• ఎన్సెఫలైటోజూన్ అనే సూక్ష్మజీవి. ఇది మూత్రం ద్వారా ఒకదాని నుంచి మరొకదానికి సోకుతుంది. వెనుక కాళ్ళ బలహీనత, మెడ ఒక పక్కకు తిరిగిపోవడం దీని లక్షణాలు.
• వయసు మీరిన కుందేళ్ళలో వెన్నుపూసలు గట్టిపడటం, కీళ్ళ అరుగుదల. ఇది నెమ్మదిగా మొదలవుతుంది.
• తీగ జాలీ మీద ఎక్కువ కాలం ఉండటం వల్ల అరికాళ్ళ పుండ్లు. చచ్చుబాటు కాకపోయినా నొప్పితో కుందేలు కదలదు.
• నున్నటి నేల మీద పెరిగిన పిల్లల్లో కాళ్ళు పక్కలకు విడిపోవడం.

వెంటనే ఏం చేయాలి?

1. కుందేలును ఎత్తి నడిపించి చూడకండి. విరిగిన వెన్నుపూస కదిలితే వెన్నుపాము మరింత దెబ్బతింటుంది.
2. చెక్క పలక లేదా గట్టి అట్ట మీదికి మెల్లగా జరిపి, చిన్న అట్టపెట్టెలో ఉంచండి. రెండు పక్కలా చుట్టిన తువ్వాళ్ళు పెట్టండి. చీకటిగా, చల్లగా ఉండేలా చూడండి.
3. వాతలు పెట్టడం, పసరు కట్టడం, నూనె రాసి నడుము లాగడం చేయకండి.
4. ఇంట్లో ఉన్న నొప్పి మాత్రలు, యాంటీబయోటిక్‌లు వేయకండి. అమాక్సిసిలిన్ వంటివి నోటి ద్వారా ఇస్తే కుందేలు పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవులు చచ్చి, విరేచనాలతో ప్రాణం పోతుంది.
5. మేత, నీరు నోటికి అందేలా పెట్టండి. కుందేలు 12 గంటలు తినకపోతే పేగుల కదలిక ఆగిపోయే ప్రమాదం ఉంది. అది కూడా అత్యవసరమే.
6. అదే రోజు పశువైద్యుడికి చూపించండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలో 1962 నంబరుకు ఫోన్ చేసి సంచార పశువైద్య సేవ గురించి అడగవచ్చు.

డాక్టరు ఏం చూస్తారు?

ఎక్స్‌రే తీస్తే వెన్నుపూస విరిగిందో లేదో చాలావరకు తెలుస్తుంది. తర్వాత వెనుక కాలి వేలిని గట్టిగా నొక్కి చూస్తారు. ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోండి. కాలు వెనక్కి లాక్కున్నంత మాత్రాన స్పర్శ ఉన్నట్టు కాదు. వెన్నుపాము పూర్తిగా తెగినా కాలు దానంతట అదే ముడుచుకోవచ్చు. కుందేలు తల తిప్పడం, అరవడం, తప్పించుకోబోవడం చేస్తేనే నొప్పి మెదడుకు చేరుతున్నట్టు. అలా ఉంటే కోలుకునే ఆశ ఉంది. లేకపోతే ఆశ చాలా తక్కువ.

కుందేలు కోలుకోవాలంటే కొన్ని వారాలు చిన్న బోనులో కదలకుండా విశ్రాంతి ఇవ్వాలి. నొప్పికి డాక్టర్లు ఎక్కువగా మెలాక్సికామ్ వాడతారు. ఎన్సెఫలైటోజూన్ అనుమానం ఉంటే సాధారణంగా ఫెన్‌బెండజోల్ 28 రోజులు ఇస్తారు. మోతాదు బరువును బట్టి డాక్టరే నిర్ణయించాలి.

ఆక్యుపంక్చర్ ఎప్పుడు, ఎలా?

వెంట్రుక వంటి సన్నని స్టీలు సూదులను వెన్నెముక ఇరుపక్కలా, తుంటి దగ్గర, మోకాలి కింద కొన్ని స్థానాల్లో గుచ్చుతారు. నరాలు ఉత్తేజితమై శరీరంలోనే నొప్పిని తగ్గించే పదార్థాలు విడుదలవుతాయి. కండరాల బిగువు సడలుతుంది. సూదులు సుమారు 10 నుంచి 20 నిమిషాలు ఉంచుతారు. మొదట్లో వారానికి ఒకటి రెండు సార్లు చేసి, నాలుగైదు సార్లకు మార్పు లేకపోతే ఆపేయడం మంచిది.

పనికొచ్చే సందర్భాలు: వయసు మీరిన కుందేలులో కీళ్ళ, నడుము నొప్పి, ఎముక విరగకుండా నరం నలిగి, స్పర్శ మిగిలి ఉన్నప్పుడు మందులకు తోడుగా.

చేయించకూడని సందర్భాలు: వెన్నుపూస విరిగి కదులుతున్నప్పుడు, సూది గుచ్చే చోట పుండు ఉన్నప్పుడు, కుందేలు తిండి మానేసి నీరసించినప్పుడు, చూలుతో ఉన్నప్పుడు.

విరిగిన ఎముకను సూది అతికించదు, తెగిన వెన్నుపామును కలపదు. కుక్కల వెన్ను సమస్యల్లో దీనిపై కొంత పరిశోధన ఉంది. జబ్బుపడిన పెంపుడు కుందేళ్ళ మీద జరిగింది తక్కువ. కాబట్టి ఇది అసలు వైద్యానికి తోడే గాని బదులు కాదు. మనుషులకు సూదులు వేసేవారి దగ్గరికి కుందేలును తీసుకెళ్ళకండి. భారత పశువైద్య మండలి చట్టం, 1984 ప్రకారం పశువైద్యం చేయాల్సింది నమోదైన పశువైద్యులే. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల ఆసుపత్రులకు వెళ్ళాలనుకుంటే, ఈ చికిత్స ఉందో లేదో ముందుగా అడిగి బయలుదేరండి. దూర ప్రయాణం, ఎండ కూడా కుందేలుకు ప్రమాదమే.

ఇంట్లో సేవ

చికిత్స ఏదైనా, కుందేలు బతకడం ఎక్కువగా ఇంట్లో చేసే సేవ మీదే ఆధారపడుతుంది.

• తీగ జాలీ తీసేసి, పొడి ఎండుగడ్డి లేదా పాత నూలు బట్టలు మందంగా పరవాలి. రోజుకు రెండుసార్లు మార్చాలి.
• మూత్రంతో తడిసిన చోట గోరువెచ్చని నీటితో తుడిచి పూర్తిగా ఆరబెట్టాలి. లేకపోతే చర్మం ఒరిసిపోయి, ఈగలు వాలి పురుగులు పడతాయి.
• కొన్ని గంటలకోసారి పక్క మార్చాలి. లేకపోతే పడక పుండ్లు వస్తాయి.
• మూత్రం పోస్తుందో లేదో రోజూ చూడాలి. పొట్ట ఉబ్బితే డాక్టరుకు చెప్పాలి. డాక్టరు చేతులతో చూపించకుండా మీరు పొట్ట నొక్కకూడదు.
• నిపిల్ బదులు బరువైన మట్టి మూకుడులో నీరు పెట్టాలి.

ఖర్చు, నిర్ణయం

ఎముక విరగలేదు, స్పర్శ ఉంది, తింటోంది అంటే రెండు మూడు వారాలు ఓపిక పట్టడం న్యాయం. స్పర్శ లేదు, మూత్రం నిలిచిపోతోంది, పుండ్లు పడుతున్నాయి అంటే ఎన్ని సూదులు వేయించినా బాధను పొడిగించడమే. అప్పుడు డాక్టరు చేత నొప్పి లేకుండా ప్రాణం తీయించడమే దయ. పిల్లలు పెంచుకున్న కుందేలైతే వాళ్ళకు ఉన్నమాట చెప్పండి. మందులు వాడిన కుందేలును డాక్టరు చెప్పిన గడువు తీరేదాకా మాంసానికి అమ్మకండి.

రాకుండా చూసుకోండి

కుందేలును చెవులు పట్టి ఎత్తకండి. ఒక చేత్తో భుజాల మీది వదులు చర్మాన్ని పట్టి, రెండో చేతిని పిరుదుల కింద ఆసరాగా పెట్టి, ఒంటికి ఆనించుకుని ఎత్తండి. పిల్లలను నేల మీద కూర్చోబెట్టి, అక్కడే కుందేలుతో ఆడుకోనివ్వండి. షెడ్డులోకి రాత్రిపూట కుక్కలు, పిల్లులు రాకుండా గట్టి జాలీ వేయండి. బోనులో కొంత భాగం పలక పరిచి కాళ్ళకు విశ్రాంతి ఇవ్వండి. కొత్తగా కొన్న కుందేళ్ళను కొన్ని వారాలు విడిగా ఉంచండి. ఇవి పెద్ద ఖర్చు లేని పనులే. నడుము విరిగాక చేసే ఏ వైద్యం కన్నా ఇవే మేలు.